పూలమొక్కల దగ్గర ధ్యానం: తరచుగా అడిగే ప్రశ్నలు

డాబా మీద నాలుగు కుండీలు, పెరట్లో ఒక మల్లెపాదు, గేటు పక్కన మందారం ఉన్న క్రైస్తవ కుటుంబాలు మన దగ్గర లెక్కలేనన్ని. ఆ మొక్కల దగ్గర గడిపే పావుగంట ధ్యానంగా మారుతుందా, మారితే ఎలా, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నవి సంఘంలో తరచూ వినిపించే ప్రశ్నలే. నాకు తెలిసినంతలో జవాబులు ఇవి. వాక్యభాగాల సంఖ్యలు ఇచ్చాను కాబట్టి బైబిలు పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

నీళ్లు పోయడం పని, ప్రార్థన భక్తి. రెండింటినీ ఎందుకు కలపాలి?

కొత్తగా ఎవరూ కలపనక్కర్లేదు. దేవుడు మనిషిని ఏదెను తోటలో ఉంచింది దానిని సేద్యం చేయడానికీ కాయడానికీ అని ఆదికాండము 2:15 చెబుతుంది. నేల శపించబడటం, ముళ్లతుప్పలు మొలవడం తర్వాతి అధ్యాయంలోని సంగతులు. కాబట్టి మట్టిపని శిక్షగా రాలేదు. అందులోని చెమటా ముళ్లూ మాత్రమే శిక్షలో భాగంగా వచ్చాయి. చల్లపూట దేవుడు తోటలో సంచరిస్తున్న స్వరం ఆదాము హవ్వలకు వినిపించిందని 3:8లో ఉంది. సాయంత్రం కుండీల మధ్య నిలబడినప్పుడు ఆ వచనం ఒకసారి చదువుకోండి. దేవుడు వస్తాడని తెలిసిన వేళకు, తెలిసిన చోటే దాక్కున్నారు వాళ్లు. మనమూ ఆ వేళకు ఫోనులో తలదూర్చి దాదాపు అదే పని చేస్తాం.

“అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి” అని ప్రభువు అన్నాడు. ఆయన చూపించింది ఏ పువ్వు?

మత్తయి 6:28లోని పువ్వు ఫలానాదేనని తేల్చలేం. గలిలయ కొండల మీద చలికాలపు వానల తర్వాత విరగబూసే ఎర్రటి అనిమోనీ అయి ఉండవచ్చని చాలామంది పండితుల ఊహ. ఆ వాలు మొత్తం ఎర్రబడుతుంది, ఎండలు ముదిరేసరికి అంతా ఎండుగడ్డి అవుతుంది. అది ఏరి తెచ్చి రొట్టెలు కాల్చే మట్టిపొయ్యిలో వేసేవారు. 30వ వచనంలోని “రేపు పొయిలో వేయబడు” అన్న మాటకు ఆ వంటింటి దృశ్యమే ఆధారం.

మనకు అనిమోనీ దొరకదు, దొరకనవసరం లేదు. ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని పువ్వు కావాలి, అంతే. రోడ్డు పక్కన గడ్డిచామంతి చాలు. తెంచకుండా మోకాళ్ల మీద కూర్చుని చూడండి. సన్నని పొడవాటి కాడ చివర పసుపు బొడ్డు, చుట్టూ అయిదో ఆరో లేత తెలుపు రేకులు, ప్రతి రేకు అంచున మూడు పళ్లు. ఆ పసుపు బొడ్డును ఇంకా దగ్గరగా చూస్తే అది పదుల సంఖ్యలో బుల్లి పూల గుంపు అని తెలుస్తుంది. ప్రతిదానికీ వేరే రేకులు, వేరే కేసరాలు. దెబ్బ తగిలితే ఆకు నలిపి రసం పిండే మొక్క అనే మనలో చాలామందికి దీనితో పరిచయం. సొలొమోను వైభవం దీని ముందు చాలదని ప్రభువు అన్న మాటను అలా కూర్చుని చూసినప్పుడు నమ్మడం తేలిక.

ఆ వచనంలో నాకు ముఖ్యంగా తోచేది వరుస. ముందు అవి ఎలా ఎదుగుతున్నాయో చూడమన్నాడు, చింతపడకండి అన్న ముగింపు తర్వాత వచ్చింది. మనం సాధారణంగా తిరగేసి, పాఠం ముందే జేబులో పెట్టుకుని దానికి సరిపడే పువ్వు కోసం వెతుకుతాం.

రోజూ ఎలా మొదలుపెట్టాలి? ఏదైనా పద్ధతి ఉందా?

పెద్ద పద్ధతేమీ లేదు. నీళ్లు పోసే వేళనే ధ్యాన వేళగా పెట్టుకోండి, ఎందుకంటే మొక్కలు ఆ పనిని వాయిదా వేయనివ్వవు. పోయకముందు వేలు రెండు కణుపుల లోతుకు మట్టిలో గుచ్చి తడి చూడండి. కుండీ మొక్కలు నీళ్లు లేక చనిపోయేదానికంటే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లి చనిపోవడం ఎక్కువ. ఈ వేలు గుచ్చే అలవాటు ఒక్కటే మనిషిని నెమ్మదింపజేస్తుంది. అవతలిదానికి ఏం కావాలో అడిగి ఇవ్వడం అది.

ఆ తర్వాత ఒకే ఒక మొక్క దగ్గర ఆగండి. ఆకుల అడుగువైపు చూడండి, కొత్త చిగురు ఎక్కడ వచ్చిందో వెతకండి. అప్పుడు ఒక కీర్తన. 1, 65, 104 నెమ్మదిగా చదివితే ఒక్కొక్కటి వారం రోజులకు సరిపోతాయి. 65వ కీర్తనలో దేవుడు దుక్కులను తడిపి గడ్డలను మెత్తబరుస్తాడు, మట్టి చేతులతో చదవవలసిన కీర్తన అది. కొందరు ఒక్కో కుండీ దగ్గర ఒక్కొక్కరి పేరు తలచుకుని విజ్ఞాపన చేస్తారు. జ్ఞాపకశక్తి తక్కువైన నాలాంటివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కనకాంబరం దగ్గరకు రాగానే దవాఖానలో ఉన్న మనిషి గుర్తుకొస్తారు.

ఏమీ తోచని రోజులు చాలా ఉంటాయి. నీళ్లు పోసి వచ్చేయండి.

ప్రతి పువ్వులోనూ ఒక ఆత్మీయ పాఠం వెతకాలా?

వద్దు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఉదాహరణకు తీగ మీద ఊదారంగులో పూసే కృష్ణకమలం చూడండి. దక్షిణ అమెరికాలో దీన్ని చూసిన స్పెయిన్ మిషనరీలు ఇందులో ప్రభువు శ్రమలన్నీ చదివారు. చుట్టూ ఉన్న సన్నని పోగులు ముళ్లకిరీటం, అయిదు కేసరాలు అయిదు గాయాలు, పైనున్న మూడు కీలాగ్రాలు మూడు మేకులు, పది రేకులు పదిమంది అపొస్తలులు. పన్నెండుమంది ఉండాలి కదా అంటే, బొంకిన పేతురునూ అప్పగించిన యూదానూ తీసేశారు! పాశ్చాత్య భాషల్లో ఈ పువ్వుకు శ్రమల పువ్వు అన్న పేరు అలా స్థిరపడింది. మన దేశంలోనేమో అవే పోగులు నూరుగురు కౌరవులు, అవే అయిదు కేసరాలు పంచపాండవులు, మధ్యలో శ్రీకృష్ణుడు.

పువ్వు ఒకటే, చూసేవాళ్లు తమ కథను తెచ్చి దానిపై పరిచారు. శ్రమలను తలచుకోవడానికి ఆ పోలిక మీకు తోడ్పడితే వాడుకోండి, శుక్రవారం ఆరాధనలో పిల్లలకు చూపించండి. పువ్వు సువార్తను రుజువు చేస్తోందని మాత్రం అనకండి. ఎదురింటి ఆవిడకు అదే పువ్వు మహాభారతాన్ని రుజువు చేస్తుంది, ఆవిడ లెక్కలో అపొస్తలులను తగ్గించే అవసరం కూడా లేదు.

పోలిక లేకుండా చూడగలిగితే దొరికేది వేరే ఉంది. ఆ పువ్వు ఒక్కరోజు కోసం అంత కట్టడం కట్టుకుంటుంది. ఎందుకని అడిగి, జవాబు చెప్పుకోకుండా కాసేపు నిలబడటం కూడా ఆరాధనే.

చామంతి బాగా గుబురుగా పెరిగింది కానీ డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు. ఏం చేయాలి? (ఇది ఆత్మీయ ప్రశ్న కాదేమో!)

ఇంటి ముందు వీధి దీపం ఉందేమో చూడండి. చామంతికి రాత్రి పొడవుగా ఉండాలి, మధ్యలో తెగకూడదు. చీకటి ఎన్ని గంటలుందో ఆకులు కొలుచుకుని, చాలినంత ఉందని తేలాకనే కొమ్మ చివరకు కబురు పంపిస్తాయి, అప్పుడు చిగురు ఆకులు వేయడం మాని మొగ్గ కడుతుంది. రాత్రంతా బల్బు వెలుగు పడే చోట అది పచ్చగా ఎత్తుగా పెరుగుతూనే ఉంటుంది, పూయదు. కొందరు రైతులు ఈ సంగతి తెలిసే పొలంలో రాత్రిళ్లు దీపాలు వెలిగించి, పండుగ ధర వచ్చేదాకా పూతను వెనక్కి జరుపుతారు. మీరు కుండీని దీపం వెలుగు పడని పక్కకు జరపండి. వచ్చే ఏడాది జులై, ఆగస్టులో చిగుళ్లు తుంచితే కొమ్మలు ఎక్కువై క్రిస్మస్‌కు పువ్వులూ ఎక్కువొస్తాయి.

ఇక ఆత్మీయం సంగతి. క్రీస్తు జనన వార్త రాత్రివేళ మంద కాచుకునే కాపరులకు వచ్చింది (లూకా 2:8). “చీకటియైనను నీకు చీకటి కాకపోవును” అని 139వ కీర్తన అంటుంది. చామంతి దగ్గర ఈ రెండూ నాకు కలిసి గుర్తుకొస్తాయి. బయటికి ఏమీ జరగనట్టుండే ఆ పొడవాటి రాత్రుల్లోనే అసలు పని జరుగుతోంది. దీనిని పట్టుకుని కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరకు వెళ్లి “మీకు చీకటి మంచిది” అని చెప్పడానికి మాత్రం బయలుదేరకండి. చామంతి తన గురించి చెప్పింది, వాళ్ల గురించి చెప్పలేదు.

గులాబీ కొమ్మలు కత్తిరించేటప్పుడు యోహాను 15వ అధ్యాయం గుర్తుకొస్తుంది. సరైన ధ్యానమేనా?

సరైనదే, ఒక హెచ్చరికతో. వానలు తగ్గిన అక్టోబరులో గులాబీని కత్తిరిస్తే సుమారు నెలన్నరకు పూత వస్తుంది. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగి ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు ముందు తీసేయాలి. మిగిలినవాటిని బయటివైపు చూసే కన్నుకు (చిగురు వచ్చే చోటుకు) కాస్త పైన, ఏటవాలుగా, పదునైన కత్తెరతో ఒక్క వేటున కోయాలి. మొద్దు కత్తెర కొమ్మను నలుపుతుంది, నలిగిన చోట తెగులు ఎక్కుతుంది. నిన్న పువ్వు ఇచ్చిన కొమ్మనే ఈ రోజు కోస్తున్నామన్నది ఎవరికైనా చేయి ఆగే సంగతి. ఫలించే తీగెను మరింత ఫలించడానికి శుద్ధిచేయడం అన్న మాట అక్కడ చేతికి అర్థమవుతుంది.

హెచ్చరిక ఏమిటంటే, ఆ అధ్యాయంలో వ్యవసాయకుడు తండ్రి. కత్తెర ఆయన చేతిలో ఉంది, మన చేతిలో లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో “దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడమ్మా, ఇంకా ఫలిస్తావు” అనే మాటలు మన పరామర్శల్లో వినిపిస్తూ ఉంటాయి. వాక్యం పేరుతో అనే క్రూరమైన మాట అది. యోహాను 15ను మీ సొంత అహంకారం మీద, మీ సొంత పనుల రద్దీ మీద ప్రయోగించండి, పక్కవాళ్ల దుఃఖం మీద వద్దు.

గులాబీలో ఇంకో సంగతి చూడండి. నర్సరీ నుంచి తెచ్చేది దాదాపు ఎప్పుడూ అంటు మొక్కే, కింద మొండి జాతి వేరు, పైన మంచి పూల రకం. అంటు ముడి కింద నుంచి ఒక్కోసారి ఏపుగా ఒక కొమ్మ లేస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, వదిలేస్తే ఏడాదిలో పై రకాన్ని మింగేసి అడవి గులాబీ మిగులుతుంది. రోమీయులకు 11లో పౌలు దీన్ని తలకిందులు చేశాడు. తోటమాలి అడవి వేరుకు మంచి కొమ్మ కడతాడు, దేవుడేమో మంచి ఒలీవ వేరుకు అడవి కొమ్మలైన మనల్ని కట్టాడు. అది స్వభావవిరుద్ధమని పౌలే 24వ వచనంలో ఒప్పుకుంటాడు. అంటుకట్టడం చూసినవాళ్లకు ఆ మాటలోని వింత వెంటనే తెలుస్తుంది.

చర్చి పండుగలకు తగ్గట్టు ఏయే మొక్కలు పెంచుకోవచ్చు?

క్రిస్మస్‌కు చామంతి, బంతి. ఈస్టరుకు పాశ్చాత్య దేశాల్లో వాడే తెల్ల లిల్లీ మన ఎండలకు సరిగా నిలవదు. దాని బదులు నేల సంపెంగ వేసుకోండి, బజారులో లిల్లీ పూలుగా అమ్మేది అదే. కాడకు కాడ తెల్లగా, సాయంత్రపు ఆరాధనకు మందిరమంతా వాసన నిండేలా పూస్తుంది. నవంబరు 2న సమాధుల పండుగకు బంతి బోలెడు.

శ్రమదినాలకు మాత్రం నేను మల్లెనే సూచిస్తాను. నవంబరు చివర నీళ్లు మాన్పించి, డిసెంబరు, జనవరిలో పొదను మోకాలి ఎత్తుకు కోసి, ఆకు దూస్తారు. ఇల్లంతా క్రిస్మస్ నక్షత్రాలతో వెలిగే రోజుల్లో పెరట్లో మల్లె మోడై నిలబడి ఉంటుంది. తర్వాత ఎరువు వేసి నీళ్లిస్తే ఫిబ్రవరి, మార్చిలో మొగ్గ తొడుగుతుంది. అంటే భస్మ బుధవారం నుంచి పునరుత్థాన పండుగ దాకా ఉన్న దినాలు దానికి పూత కాలం. మనం ఉపవాసముండే రోజుల్లో అది విరగబూస్తుంది. క్యాలెండరు చెప్పే మానసిక స్థితికి మొక్క కట్టుబడి ఉండదు, అదీ నాకు నచ్చుతుంది. గెత్సేమనేను తలచుకునే గురువారం రాత్రి ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తే పెరట్లో మల్లెలు అప్పుడే విచ్చుకుని ఉంటాయి. ఆ తోటలోనూ ఏవో పూసే ఉంటాయి కదా, పస్కా వసంతకాలపు పండుగ.

నేను పూజకు పూలు కోసే ఇంట్లో పెరిగి క్రైస్తవంలోకి వచ్చాను. ఇప్పుడు పూలు పూస్తే ఏం చేయాలో తెలియడం లేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు, చాలామంది పైకి అడగరు. తెల్లవారుజామున తడిబట్టలతో మందారాలు, నందివర్ధనాలు కోసి సజ్జలో వేసుకున్న చేతులకు ఆ వేళ అయ్యేసరికి ఒక వెలితి ఉంటుంది. ఆ అలవాటు నేర్పిన అమ్మనో నాయనమ్మనో తక్కువ చేసుకోనవసరం లేదు. రోజులో మొదటి పని, మొదటి అందం దేవునికే అన్న క్రమశిక్షణ వాళ్లు మీకిచ్చిన సొత్తు.

ఇప్పుడు ఆ పువ్వును చెట్టు మీదే ఉంచి ప్రార్థించవచ్చు. లేదా కోసి ఎవరికైనా ఇవ్వవచ్చు. సంఘంలో మంచం పట్టిన పెద్దావిడ దగ్గరకు దోసెడు మల్లెలు తీసుకెళ్లి చూడండి, కళ్లు కనిపించనివాళ్లు కూడా గది గుమ్మంలోనే పలకరిస్తారు. మిక్కిలి అల్పులకు చేసింది నాకు చేసినట్టే అని ప్రభువు మత్తయి 25:40లో అన్నాడు కాబట్టి అర్పణ ఆగిపోయిందని బాధపడే పని లేదు. ఆదివారం బల్ల మీద పెట్టడానికి మీ పెరటి పూలు ఇస్తామని పాస్టరుగారిని అడగండి. కొన్ని సంఘాల్లో పూలు పెట్టే ఆనవాయితీ లేదు, అక్కడ పట్టుబట్టవద్దు. కతోలిక విచారణ గురువులు మాత్రం శ్రమదినాల్లో తప్ప సాధారణంగా కాదనరు, కతోలిక గుడిలో పీఠానికీ మరియమాత స్వరూపానికీ ఎన్ని పూలైనా చాలవు.

క్రైస్తవుల ఇంట్లో తులసి పెంచవచ్చా?

మొక్కగా పెంచుకోవడంలో తప్పు నాకు కనిపించదు. దగ్గుకు ఆకు నమిలేవాళ్లం, తేనెటీగలు వాలితే సంతోషించేవాళ్లం. గ్రీకు ఆర్థొడాక్సు చర్చిలో తులసికి దగ్గరి చుట్టమైన రుద్రజడ జాతి మొక్కను సెప్టెంబరు 14న, సిలువ పండుగ రోజున, సిలువ చుట్టూ పరిచి పంచిపెడతారు. సిలువ దొరికిన చోట అదే మొలిచిందని వాళ్ల ఐతిహ్యం. అయితే కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన బంధువుకు అది పాత పూజను గుర్తుచేసి కలవరపెడితే కొన్నాళ్లు పక్కకు జరపండి. 1 కొరింథీయులకు 8లో పౌలు చెప్పింది అదే వివేకం. మరో వైపు, పొరుగువారికి అది దేవత. వాళ్ల కళ్లముందు పీకి చెత్తబుట్టలో పడేయడం విశ్వాసం అనిపించుకోదు, అమర్యాద అనిపించుకుంటుంది.

తలలో పూలు పెట్టుకోవచ్చా?

మీ సంఘాన్ని బట్టి. 1 తిమోతి 2:9, 1 పేతురు 3:3 ఆధారంగా కొన్ని సంఘాలు వద్దంటాయి, మరికొన్నింటిలో పెళ్లికూతురి జడ నిండా మల్లెలే. ఆ రెండు వచనాల్లోనూ జడల అలంకారం, బంగారం ఉన్నాయి, మొదటిదానిలో ముత్యాలూ ఉన్నాయి, పువ్వుల మాట మాత్రం లేదు. నాకైతే ఇందులో వాదించుకునేంత సరుకు కనిపించలేదు.

వాడిపోయిన పువ్వులను చూస్తే దిగులు వేస్తుంది. దాన్ని ఎలా ధ్యానించాలి?

దిగులు పడవచ్చు. “గడ్డి ఎండిపోవును దాని పువ్వు వాడిపోవును” అని యెషయా 40 మొహమాటం లేకుండా అంటుంది. 103వ కీర్తన ఇంకా కటువు, గాలి వీచగానే పువ్వు లేకుండా పోతుంది, అది ఉన్న చోటు కూడా దాన్ని ఎరగదు. వెంటనే పునరుత్థానం మాట ఎత్తి ఈ వచనాలను మెత్తబరచకండి. శుక్రవారానికి ఆదివారానికి మధ్య ఒక శనివారం ఉంది.

ఎండిన పూలు కోసే పని చేయండి. బంతి, గులాబీ, జీనియా వంటివి వాడిన పువ్వు తీస్తే మళ్లీ పూస్తాయి, ఉంచితే గింజ కట్టే పనిలో పడతాయి. కొన్ని తీయండి, కొన్ని గింజకు వదలండి. దేన్ని వదలాలో ఎంచుకోవడం వయసు మళ్లినవాళ్లకు ఆలోచించదగ్గ విషయం.

పునరుత్థానానికి ఉదాహరణగా సీతాకోకచిలుక పాతబడింది. ఎవరైనా అడిగితే నేను మే నెలలో పూసే బాల్ లిల్లీ కుండీ చూపిస్తాను. ఆకు ఎండిపోయాక నెలల తరబడి అది ఒట్టి మట్టి కుండీ. తెలియనివాళ్లు అందులో కొత్తిమీర చల్లేస్తారు. వేసవి జల్లు పడగానే మట్టిని చీల్చుకుని ఒక లావాటి మొన, కొద్దిరోజుల్లో దాని మీద గుండ్రంగా వందకు పైగా ఎర్రటి బుల్లి పూలు. ఆకులు రాకముందే పువ్వు వస్తుంది. 1 కొరింథీయులకు 15:37లో పౌలు, నువ్వు విత్తేది పుట్టబోయే శరీరం కాదు, వట్టి గింజ మాత్రమే అంటాడు. ముడతలు పడ్డ ఆ గడ్డను చేతిలో పట్టుకుంటే అందులో ఎర్రరంగు జాడ కూడా ఉండదు.

కలుపు మొక్కలు, పురుగులు? వాటినీ దేవుడే చేశాడు కదా.

చేశాడు, అయినా తీయండి. తుంగను పైపైన పీకితే కింద గొలుసులా ఉన్న గడ్డలు మళ్లీ మొలుస్తాయి, తడి మీద తవ్వి గడ్డతో సహా తీయాలి. పగను గురించి హెబ్రీయులకు 12:15లోని చేదైన వేరును అప్పుడు తలచుకోవచ్చు. వయ్యారిభామను పూతకు ముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి, ఒంటికి పడదు. మందారానికి పట్టిన పిండినల్లికి లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. పిండినల్లిని మోసుకొచ్చే చీమలను ఆపకపోతే అది మళ్లీ వస్తుంది.

కలుపు పీకుతూ సంఘంలోని మనుషులను తలచుకునే అలవాటు కొందరికి ఉంది. గురుగుల ఉపమానంలో (మత్తయి 13:29) యజమాని పీకవద్దన్నాడు.

నేను ఏం నాటినా చనిపోతోంది. నాకు ఈ ధ్యానం కుదరదేమో.

లూకా 13లో మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమని యజమాని అంటే, తోటమాలి ఇంకో ఏడాది అడిగాడు. ఏం చేస్తానన్నాడో గమనించండి, చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను. ప్రార్థిస్తూ కూర్చుంటానని అనలేదు. మీరూ ముందు కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చిన మొక్కను తెచ్చిన రోజే మార్చి నాటకుండా, వారం రోజులు నీడలో ఉంచి నాటండి. నందివర్ధనం, బిళ్లగన్నేరు వంటి మొండి మొక్కలతో మొదలుపెట్టండి.

విలియం కేరీ సంగతి తెలిస్తే ఊరటగా ఉంటుంది. 1793లో బెంగాల్ చేరిన ఈ బాప్టిస్టు మిషనరీ సెరంపూర్‌లో పెద్ద తోట వేశాడు, 1820లో భారత వ్యవసాయ ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కేరీకి మిత్రుడు, రాక్స్‌బర్గ్ మరణించాక ఆయన గ్రంథాన్ని అచ్చువేయించింది కేరీయే. ఇంగ్లండు నుంచి విత్తనాలు వచ్చిన సంచిని తోటలో ఒక మూల దులిపితే కొన్నాళ్లకు అక్కడ ఒక డైసీ మొలిచిందని, చిన్ననాటి ఆ పువ్వును చూసి మురిసిపోయానని ఆయన స్వదేశానికి రాశాడు. 1823లో వరద వచ్చి ఆ తోటను పాడుచేసింది. అప్పటికి ఆయన వయసు 62. మళ్లీ నాటాడు.

తోటతో ముడిపడిన భక్తులు ఇంకెవరున్నారు?

నల్లసముద్రపు ఒడ్డున సినోపే ఊరి ఫోకాస్ నాకు ఇష్టుడు. తొలి శతాబ్దాల తోటమాలి, పండించింది బాటసారులకు పెట్టేవాడట. సంప్రదాయం ప్రకారం, తనను చంపడానికి వచ్చిన సైనికులు ఆయనెవరో తెలియక ఆయన ఇంట్లోనే బస చేశారు. అన్నం పెట్టి, వాళ్లు నిద్రపోయాక తన తోటలోనే తన సమాధి తవ్వుకుని, పొద్దున్నే “మీరు వెతుకుతున్నది నన్నే” అని చెప్పాడు. ఇక మన కతోలికులు చిన్న పుష్పంగా పిలుచుకునే లిస్యూ తెరేసా (1873–1897). పువ్వులన్నీ గులాబీలే కానక్కర్లేదు, గడ్డిపువ్వుగా ఉండటం కూడా దేవునికి ఇష్టమేనన్నది ఆమె ఆత్మీయతలో కీలకం.

అందరికంటే ముందు మగ్దలేనే మరియ. యోహాను 19:41 ప్రకారం సమాధి ఉన్నది తోటలో. తెల్లవారకముందే వచ్చిన ఆమె, లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంది (20:15). పొరపాటేనని అందరూ అంటారు, నాకు మాత్రం పూర్తిగా పొరపాటు అనిపించదు. మొదటి తోటను నాటినవాడు ఆయనే కదా.

ఇది ప్రకృతి ఆరాధన వైపు జారదా?

జారవచ్చు. సృష్టిని చూసి సృష్టికర్తను తెలుసుకోవచ్చని రోమీయులకు 1:20 అంటుంది, సృష్టినే పూజించే ప్రమాదాన్ని అయిదు వచనాల తర్వాత చెబుతుంది. తోటలో గడిపాక వాక్యం మీదా మనుషుల మీదా ఆసక్తి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మీరే గమనించుకోండి. మొక్కల కోసం సంఘాన్ని ఎగ్గొట్టే స్థితి వస్తే కత్తెర పక్కన పెట్టండి.

పిల్లలతో ఎలా?

బంతి గింజలు ఇవ్వండి, వారంలోపే మొలుస్తాయి కాబట్టి ఓపిక చావదు. రోజూ మట్టి తవ్వి చూడకుండా ఆపడమే అసలు పని. మార్కు 4:27లో విత్తినవాడు పడుకుంటాడు, లేస్తాడు, అది ఎలా మొలిచిందో వాడికి తెలియదు. సండే స్కూలులో ఆ ఒక్క వచనం చాలు, ఉపదేశం చేయకండి.

ఆదివారం తోటపని చేయవచ్చా?

నీళ్లు పోయండి. విశ్రాంతిదినాన ఎద్దునో గాడిదనో విప్పి తోలుకెళ్లి నీళ్లు పెట్టరా అని ప్రభువే లూకా 13:15లో అడిగాడు, మే నెల ఎండలో డాబా మీది కుండీకీ అదే వర్తిస్తుంది. మట్టి మార్చడం, కత్తిరింపులు, ఎరువులు సోమవారానికి ఉంచండి. గోళ్లలో మట్టితో బల్ల దగ్గరకు వచ్చినా ఎవరూ ఏమీ అనరు కానీ, ఆరాధన సమయానికి మీరు ఇంకా పైపు పట్టుకుని ఉంటారు.